ఆపి చూసినా చెదరని మాయ

కన్నకూతురినే పెళ్లాడతానని పట్టుబట్టిన రాజు నుంచి తప్పించుకోవడానికి రాకుమారి ఒక షరతు పెడుతుంది. వాతావరణం ఏ రంగులో ఉంటుందో ఆ రంగు గౌను కావాలంటుంది. అలాంటి గుడ్డ లోకంలో దొరకదని ఆమె ధీమా. 17వ శతాబ్దంలో శార్ల్ పెరో రాసిన కథ ఇది. కాగితం మీద ఆ ఒక్క మాట రాస్తే సరిపోతుంది, మిగతాది చదివేవాడి ఊహ చూసుకుంటుంది. 1970లో 'గాడిద తోలు' అనే ఈ కథను సినిమాగా తీసిన జాక్ దెమికి ఆ వెసులుబాటు లేదు. గౌను కళ్లకు కట్టాలి. ఆయన బృందం సినిమా తెరలకు వాడే గుడ్డతో గౌను కుట్టించి, కదిలే మబ్బుల ఫిల్మును దాని మీద ప్రొజెక్టరుతో వేసింది. కేథరిన్ దెనెవ్ ఒంటి మీదుగా నీలాకాశం, తెల్లమబ్బులు సాగిపోతాయి. ఒక్కసారి చూసినవాడికి ఏదో మెరిసిందనిపిస్తుంది, అంతలో కథ ముందుకు నడుస్తుంది. ఇంట్లో డిస్కు పెట్టుకుని, అక్కడ ఆపి, వెనక్కి తిప్పి మళ్లీ చూసినవాడికి అసలు సంగతి అందుతుంది. ఆ అమ్మాయి సినిమా తెరనే తొడుక్కుని నిలబడింది. దెమి ఆ గౌనులో దాచిన ఆలోచన అది.

ఫ్రెంచి సినిమా అనగానే మన ఫిల్మ్ సొసైటీల తరానికి గుర్తొచ్చేది గొదార్, త్రూఫో, పారిస్ వీధులు, చేత్తో పట్టుకున్న కెమెరా, తెగని సంభాషణలు. ఆ ధోరణికి దక్కిన గౌరవం తగినదే. అయితే దానికి అరవై ఏళ్ల ముందు నుంచే అక్కడ ఇంకో పాయ పారుతోంది. జార్జ్ మెలియెస్‌తో మొదలై జాన్ కొక్తో, పోల్ గ్రిమో, దెమి, రెనె లాలూ, జునె-కరో జంట, మిషెల్ గోంద్రి దాకా వచ్చిన పాయ. వీళ్ల కాలాలు వేరు, స్వభావాలు వేరు, పనిలో మాత్రం ఒక పోలిక కనిపిస్తుంది. అట్టముక్క, గుడ్డ, అద్దం, రంగు, గీసిన బొమ్మ, మనిషి చెయ్యి, ఇవీ వీళ్ల సరంజామా. కట్టిన మాయ అని చూసేవాడికి తెలుస్తూనే ఉంటుంది, తెలిసినా చూపు మరల్చుకోలేడు. ఇలాంటి సినిమాకు ఒక్క చూపు చాలదు. మళ్లీ చూసే, ఆపి చూసే, పక్కన వేరేదాన్ని పెట్టి పోల్చుకునే ప్రేక్షకుడు దొరకాలి. ఆ ప్రేక్షకుణ్ణి వీటికి తెచ్చిపెట్టింది హోమ్ వీడియో. వీడియో క్యాసెట్టు కావచ్చు, లేజర్ డిస్కు, డీవీడీ, బ్లూరే కావచ్చు, దాన్ని థియేటరు దొరకనివాళ్లు సరిపెట్టుకునే నాసిరకం ఏర్పాటుగా లెక్కగట్టడం కనీసం ఈ సినిమాల విషయంలో పొరపాటని నా వాదన.

మెలియెస్ దగ్గరికి వెళితే ఈ మాట ఎందుకంటున్నానో తెలుస్తుంది. ఆయన వృత్తి గారడీ. 1888లో పారిస్‌లోని రొబేర్-ఊదాఁ గారడీ థియేటరును కొన్నాడు. 1895 డిసెంబరు 28న లూమియేర్ సోదరులు జనానికి సినిమా చూపించిన రోజు ఆ గదిలో ఉన్నాడు. 1897 నాటికి మోంత్రై అనే ఊళ్లో గాజు గోడలతో, గాజు కప్పుతో స్టూడియో కట్టాడు. 1902 నాటి 'చంద్రలోక యాత్ర'లో ఖగోళ శాస్త్రజ్ఞులు చంద్రవాసులను గొడుగులతో కొడితే వాళ్లు పొగగా మారి మాయమవుతారు. కెమెరా ఆపి, నటుణ్ణి తప్పించి, పొగ పెట్టి, మళ్లీ కెమెరా తిప్పారని మనమందరం అనుకుంటాం. అది సగం నిజం. ఫిల్ములను దగ్గరగా పరిశీలించిన పరిశోధకులకు అలాంటి ప్రతి మార్పు దగ్గరా అతుకు కనిపించింది. కెమెరా ఆపడంతో పని పూర్తి కాలేదు. ఆపేటప్పుడు, మళ్లీ తిప్పేటప్పుడు తేడాగా పడిన ఫ్రేములను మెలియెస్ కత్తిరించి, మిగిలిన రెండు కొసలను జిగురుతో కలిపాడు. ఆ అతుకు ఎంత కచ్చితంగా పడిందంటే నటుడి భంగిమ, పొగ మొదలైన చోటు ఒకదాంట్లోంచి ఒకటి పుట్టినట్టుంటాయి. అంటే సినిమాను తెర మీద నడిచే దృశ్యంగా చూడకముందే ఆయన దాన్ని బల్ల మీద పరిచిన బొమ్మల వరసగా చూశాడు. రిమోట్ పట్టుకుని ఫ్రేము తర్వాత ఫ్రేము జరిపి చూసేవాడు సినిమాను పాడుచేస్తున్నాడని నేననుకోను. మెలియెస్ బల్ల దగ్గర కూర్చున్నాడతను.

ఆ బల్ల మీది పనిలో చాలా భాగం మనకు దక్కలేదు. మెలియెస్ ఐదు వందలకు పైగా సినిమాలు తీశాడు. 1923లో దివాలా బాధలో తన నెగటివ్‌లను తానే తగలబెట్టాడు. మోంపర్నాస్ రైల్వే స్టేషన్‌లో బొమ్మల కొట్టు నడుపుకుంటున్న ఆయన్ని తర్వాత పత్రికలవాళ్లు గుర్తుపట్టారు. మిగిలినవి ప్రపంచమంతా చెదిరిపోయిన ప్రింట్లు. వాటిని ఏరి, 173 సినిమాలను ఐదు డీవీడీల్లోకి కూర్చి 2008లో ఫ్లికర్ ఆలీ సంస్థ విడుదల చేసింది. మామూలు థియేటరు ఒక గారడీవాడి జీవితకాలపు పనిని అలా వరసగా చూపించడం కష్టం. ఆ వరసలో చూస్తేనే తెలుస్తుంది, ఒకే కిటుకును ఆయన ఎన్ని రకాలుగా తిరగేశాడో, తన తలనే ఎన్నిసార్లు మొండెం నుంచి వేరు చేశాడో, ఏది విసుగు తెప్పించే పునరావృతమో, ఎక్కడ కొత్త అడుగు పడిందో.

'చంద్రలోక యాత్ర' రంగుల ప్రతి కథ ఇంకా విచిత్రం. అప్పట్లో పారిస్‌లో ఎలిజబెత్ త్యూయియే నడిపిన కార్ఖానాలో స్త్రీలు సన్నని కుంచెలతో ఒక్కో ఫ్రేముకూ రంగు వేసేవారు. ఆ రంగుల ప్రతి ఒక్కటీ మిగల్లేదనుకుంటున్న సమయంలో, 1993లో బార్సిలోనాలోని ఆర్కైవ్‌లో ఒకటి బయటపడింది. ఫిల్ము చుట్ట గట్టిపడి దాదాపు ఒక ముద్దగా ఉంది. పారిస్‌లోని లాబ్‌స్టర్ ఫిల్మ్స్ వాళ్లు ఏళ్ల తరబడి దాన్ని పొరలు పొరలుగా విడదీసి ఫొటోలు తీశారు. మొత్తం 13,375 ఫ్రేములకు పునరుద్ధరణ జరిగి, 2011లో కాన్ ఉత్సవంలో ప్రదర్శన అయింది, ఆ తర్వాత డిస్కు మీదికి వచ్చింది. ఫిరంగి పేల్చే చోట ఊపే జెండాను గమనించండి. అది స్పెయిన్ జెండా రంగుల్లో ఉంటుంది. ఈ ప్రతిని స్పెయిన్ ప్రేక్షకుల కోసం రంగులద్దారని ఆ ఒక్క ఫ్రేము చెబుతుంది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది తేలిగ్గా తోసేయదగింది కాదు. చెడిపోయిన ఫ్రేముల చోట నలుపు తెలుపు ప్రతి నుంచి బొమ్మ తెచ్చి, కంప్యూటరులో రంగులు వేశారు కదా, ఇది మెలియెస్ సినిమానా, పునరుద్ధరణ చేసినవాళ్ల సినిమానా అని అడగవచ్చు. తెలుగువాళ్లకు ఈ ప్రశ్న కొత్త కాదు. 1957 నాటి 'మాయాబజార్'కు 2010లో రంగులద్దినప్పుడు ఇదే చర్చ వచ్చింది. రెండింటికీ తేడా ఉందని నా అభిప్రాయం. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే 'మాయాబజార్'కు దీపాలు పెట్టింది నలుపు తెలుపు కోసం. వెన్నెలను, చీర మెరుపును, రాక్షసుడి కిరీటం నీడను బూడిదరంగు ఛాయల్లోనే లెక్కగట్టాడు. దాని మీద పడిన రంగు కొత్తగా కల్పించినది. 'చంద్రలోక యాత్ర'కు రంగు పుట్టుకతోనే ఉంది, 1902లోనే రంగుల ప్రతిని వేరే ధరకు అమ్మేవారు. పునరుద్ధరణలో చేసింది పోయినదాన్ని దాని ఆనవాళ్లను బట్టి తిరిగి పూరించడం. అయినా కంప్యూటరు చెయ్యి పడిన చోట అది మెలియెస్ చెయ్యి కాదన్న మాట నిజమే. అందుకు నా దగ్గరున్న జవాబు ఒక్కటే. నలుపు తెలుపు ప్రతి కూడా డిస్కు మీద దొరుకుతుంది. పక్కపక్కన పెట్టుకుని చూసి తీర్పు చెప్పే అధికారం ప్రేక్షకుడిది, ఆ వీలును కూడా ఇచ్చింది హోమ్ వీడియోనే.

కొక్తో దగ్గరికి వచ్చేసరికి అసలైన అభ్యంతరం ఎదురవుతుంది. ఆపి చూస్తే మాయ చచ్చిపోదా? 1946 నాటి 'లా బెల్ ఎ లా బెత్', అందగత్తె-మృగం కథ, ఈ ప్రశ్నకు నాకు తెలిసిన అన్నింటికంటే మంచి పరీక్ష. యుద్ధం అప్పుడే ముగిసింది. ముడి ఫిల్ముకు కటకట, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు, కొక్తో ఒళ్లంతా చర్మవ్యాధి. అన్ని ఇబ్బందుల మధ్య కూడా ఆయన ఒక విషయంలో పట్టు వదల్లేదు. అద్భుత కథ అనగానే కెమెరాకు పల్చటి గుడ్డ కట్టి, మసక మసకగా, పొగమంచులో తీయాలన్న అలవాటును కాదన్నాడు. మాయ జరిగే చోటే బొమ్మ అన్నింటికంటే స్పష్టంగా ఉండాలన్నాడు. ఛాయాగ్రాహకుడు ఆన్రీ ఆలెకాన్‌కు రైతు ఇంటి దృశ్యాలకు డచ్చి చిత్రకారుల వెలుగును, మృగం కోటకు గుస్తావ్ దోరే చెక్కుడు బొమ్మల చీకటిని నమూనాగా చూపించాడు. మృగం వేషం వేసిన జాన్ మరే ముఖానికి, చేతులకు రోమాలు అతికించడానికి రోజూ ఐదు గంటలు పట్టేది. ఇంత స్పష్టతను కోరిన సినిమా అరిగిపోయిన 16 మిల్లీమీటర్ల ప్రింట్ల మీద, ఆ తర్వాత పాత వీడియో క్యాసెట్ల మీద ఎలా కనిపించి ఉంటుందో ఊహించవచ్చు. క్యాసెట్టు మీద ఆలెకాన్ నలుపులన్నీ కలిసిపోయి బురదలా తేలతాయి. మంచి బ్లూరే మీద అదే నలుపులో గోడ రాయి ఒకటి, ముఖమల్ తెర ఒకటి, మృగం భుజం మీది పట్టు ఒకటి విడివిడిగా తెలుస్తాయి.

ఇక ఆ నడవా. అందగత్తె బెల్ తండ్రి దారితప్పి కోటలోకి అడుగుపెడతాడు. గోడల్లోంచి మనుషుల చేతులు పొడుచుకొచ్చి దీపపు సెమ్మెలు పట్టుకుని ఉంటాయి. అతను నడుస్తుంటే కొవ్వొత్తులు వాటంతటవే ఒక్కొక్కటీ వెలుగుతాయి, చేతులు అతనికి దారి చూపిస్తాయి. దీన్ని తీసిన పద్ధతి ఇది: వెలుగుతున్న కొవ్వొత్తుల ముందు నటుడు వెనక్కి నడిచాడు, అతను దాటుతుంటే ఒక్కొక్కటీ ఆర్పారు, తర్వాత ఫిల్మును తిరగేసి నడిపించారు. ఇంట్లో రిమోట్ మీద వెనక్కి నడిపే మీట నొక్కితే స్టూడియోలో ఆ రోజు జరిగింది జరిగినట్టు కనిపిస్తుంది. ఒక ముసలాయన వెనకడుగులు వేస్తున్నాడు, వరసగా దీపాలు ఆరిపోతున్నాయి. రహస్యం పూర్తిగా బట్టబయలైంది. ఇప్పుడు మళ్లీ ముందుకు నడిపించి చూడండి. మాయ పోదు. పైగా, అంతకుముందు పేరు పెట్టలేకపోయిన ఒక ఇబ్బందికరమైన భావానికి కారణం దొరుకుతుంది. ఆ మనిషి నడక తప్పుగా ఉంది. అడుగు నేలను తాకే తీరు, కోటు అంచు ఊగే తీరు లోకంలో ఉండేవి కావు. ఈ ఇంట్లో కాలం మనవైపు ప్రవహించడం లేదని ఒంటికి తెలుస్తుంది. కేవలం ఆశ్చర్యం మీద బతికే కిటుకు రహస్యం తెలియగానే చస్తుందన్నది నిజమే. అర్థాన్ని మోసే కిటుకు మాత్రం తెలిసేకొద్దీ బలపడుతుంది. దీనికి రుజువు కోసం ఫ్రాన్సు దాకా వెళ్లనక్కర్లేదు. 'మాయాబజార్'లో ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు ఎగిరొచ్చే విందును తెలుగు ఇళ్లలో టీవీ మీద ఎన్నిసార్లు చూసి ఉంటారో లెక్కలేదు. అది కెమెరా పనితనమని పదేళ్ల పిల్లాడికీ తెలుసు. తెలిసినందువల్ల ఎవరూ ఛానల్ మార్చలేదు.

కొక్తో సినిమాకు హోమ్ వీడియో ఇంకో కానుక ఇచ్చింది. అమెరికా స్వరకర్త ఫిలిప్ గ్లాస్ 1994లో ఈ సినిమా సంభాషణలన్నిటినీ పాడేలా, నటుల పెదవుల కదలికకు సరిపడేలా ఒక ఒపెరా రాశాడు. క్రైటీరియన్ సంస్థ తెచ్చిన డిస్కు మీద జార్జ్ ఓరిక్ అసలు సంగీతం పక్కనే ఆ ఒపెరా రెండో సౌండ్ ట్రాకుగా ఉంది. ఒక మీట నొక్కితే అదే నడవా, అవే చేతులు, వేరే శబ్దం. బొమ్మలో ఎంత సంగీతం ముందే ఉందో ఆ మార్పులో తెలుస్తుంది.

హోమ్ వీడియోను ఇంతగా పొగిడాక దాని వల్ల జరిగిన చెరుపును దాచడం న్యాయం కాదు. పోల్ గ్రిమో యానిమేషన్ సినిమా 'రాజు, పక్షి' దానికి ఉదాహరణ. కవి జాక్ ప్రెవేర్‌తో కలిసి గ్రిమో 1940ల చివర్లో పని మొదలుపెట్టాడు. నిర్మాతతో గొడవ వచ్చి, ఆయన ఇష్టానికి వ్యతిరేకంగా, సినిమా పూర్తి కాకుండానే 1952లో విడుదలైపోయింది. గ్రిమో వదిలిపెట్టలేదు. 1967లో హక్కులు తిరిగి సంపాదించి, కొంత పాతది ఉంచి, కొంత తీసేసి, కొత్తగా గీసి, 1980లో తనకు కావలసిన రూపంలో ప్రేక్షకుల ముందు పెట్టాడు. ముప్పై ఏళ్లకు పైగా ఒకే సినిమాను మోసినవాడు. జపాన్ యానిమేషన్ దర్శకులు తకహాత, మియజాకి తమ మీద దాని ప్రభావాన్ని దాచుకోలేదు. కానీ అమెరికాలో అందరికీ చవగ్గా దొరికింది 1952 నాటి ఆ అసంపూర్తి రూపం ఇంగ్లిషు డబ్బింగు. దాని హక్కులు ఎవరికీ లేకుండా పోవడంతో వెలిసిన రంగుల క్యాసెట్లుగా, తర్వాత చవక డిస్కులుగా తిరిగింది. గ్రిమో తనది కాదన్న సినిమా ఆయన పేరుతో ఇళ్లలోకి వెళ్లింది. ఇంట్లో చూడటమే గొప్ప అని నేననడం లేదు. ఏ ప్రతి చూస్తున్నామన్నదే అసలు ప్రశ్న. 2013 నాటి పునరుద్ధరణ ప్రతిలో రాజు కోట మెట్లు, లిఫ్టులు, రహస్య ద్వారాలు ఎంత లోతుకు దిగుతాయో చూసినవాడికి ఆ పాత క్యాసెట్టు చూసినవాడు చెప్పే 'రాజు, పక్షి' వేరే సినిమాలా తోస్తుంది.

రెనె లాలూ 'లా ప్లనెత్ సొవాజ్' గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే ఫ్రేము ఆపితే బాగుపడే సినిమా అంటూ ఉంటే అదే. 1973లో కాన్ ఉత్సవంలో ప్రత్యేక బహుమతి అందుకుంది. బొమ్మలు రోలాన్ తొపోర్‌వి, పని జరిగింది ప్రాగ్‌లోని జిరి త్ర్‌న్కా స్టూడియోలో. నీలి ఒళ్లు, ఎర్ర కళ్ల మహాకాయులకు మనుషులు పెంపుడు జంతువులు. కత్తిరించిన కాగితపు బొమ్మలను కెమెరా కింద ఇంతింత జరుపుతూ తీశారు. అందువల్ల కదలిక బిగుతుగా ఉంటుంది. ఆ బిగుతును లోపమని కొందరు అంటారు. అయితే కాగితం కత్తిరింపు పద్ధతి వల్లే తొపోర్ పెన్సిలు గీతలు, అడ్డంగా నిలువుగా గీసిన సన్నని నీడలు చెరగకుండా నిలిచాయి. ప్రతి ఫ్రేమునూ కొత్తగా గీసే మామూలు యానిమేషన్‌లో అంత గీత నిలవదు. ఏ క్షణంలో ఆపినా ఒక చెక్కుడు బొమ్మ మన ముందుంటుంది. కదలికలో పోగొట్టుకున్నదాన్ని నిలకడలో తిరిగిచ్చే సినిమా ఇది. మిషెల్ ఓస్లో నీడబొమ్మల 'రాకుమారులు, రాకుమార్తెలు' కూడా ఇదే కోవలోకి వస్తుంది. మన తోలుబొమ్మలాట చూసిన కళ్లకు ఆ నల్లని ఆకారాలు పరాయివిగా అనిపించవు.

కంటికింపుగా ఉండి లోపల ఖాళీ అన్న విమర్శ జాన్-పియేర్ జునె, మార్క్ కరోల మీద ఎక్కువగా వినిపిస్తుంది. 1995 నాటి 'తప్పిపోయిన పిల్లల నగరం' విషయంలో నేను సగం ఒప్పుకుంటాను. కలలు కనలేక పిల్లల కలలు దొంగిలించే ముసలాడు, ఒకే మొహంతో బోలెడుమంది నటుడు దొమినిక్ పినోన్‌లు, జాన్-పాల్ గోతియే దుస్తులు, దారియుస్ కోంజి ఆకుపచ్చ వెలుగు, ఇన్నింటి మధ్య కథకు ఊపిరాడదు. కానీ అందులోనే ఒక చిన్న పిల్ల కన్నీటి బొట్టు ఎగిరి సాలెగూటి మీద పడుతుంది, అక్కడినుంచి ఒకదానికొకటి తగులుకుంటూ పోయి చివరికి ఒక పెద్ద ఓడ రేవును ఢీకొంటుంది. ఇది అలంకారం అని కొట్టిపారేయడం నా వల్ల కాదు. పిల్లల దుఃఖాన్ని ఎవరూ పట్టించుకోని ఊళ్లో ఒక బొట్టు కన్నీరు ఎంత పని చేయగలదో ఆ గొలుసు చెబుతుంది, మాటల్లో కాకుండా యంత్రంలా కదిలే వస్తువుల్లో చెబుతుంది. నాలుగేళ్ల ముందు వచ్చిన 'దెలికాతెసన్' దానికంటే పై మెట్టు మీద ఉందని నా లెక్క. ఒకే పాత మేడ, కింద కసాయి కొట్టు. మంచం స్ప్రింగులు కిచుక్కుమంటుంటే ఆ లయకే ఒకావిడ చెల్లో వాయిస్తుంది, ఒకడు సైకిలు చక్రానికి గాలి కొడతాడు, ఇంకొకడు పైకప్పుకు రంగు వేస్తాడు, ఒక ముసలావిడ ఊలు అల్లుతుంది. వేగం పెరిగేకొద్దీ అందరూ ఒకే తాళానికి లొంగిపోతారు. ఎవరూ ఒకరినొకరు చూసుకోలేదు. ఆకలితో, అనుమానంతో విడిపోయిన మనుషులు ఒకే భవనపు ఒంట్లో అవయవాలని ఆ రెండు నిమిషాలు నిరూపిస్తాయి. ఇందులో ఖాళీ ఎక్కడుందో విమర్శకులు చూపించాలి.

గోంద్రి ఈ పాయకు చివరి పెద్ద పేరు. 2006 నాటి 'కలల శాస్త్రం'లో కుళాయి తిప్పితే సెల్లోఫేన్ కాగితం నీళ్లలా జారుతుంది, టీవీ స్టూడియో అంతా అట్టపెట్టెలు. 2013 నాటి 'లేకుం దే జూర్' చివరికొచ్చేసరికి గదులు కుంచించుకుపోయి, రంగులు కరిగి నలుపు తెలుపు మిగులుతుంది. కంప్యూటరుతో ఏదైనా చేయగల కాలంలో కూడా ఆయన సెల్లోఫేన్‌ను ఎంచుకున్నాడంటే, ఆయన చూపించదలచింది నీళ్లను కాదు, నీళ్లు ఉన్నాయని నమ్మే పిల్లతనాన్ని.

పెద్ద తెర సంగతి ఇంకా మిగిలే ఉంది. చీకటి హాలు, పక్కన నలుగురి ఊపిరి, ఎత్తుగా నిలబడిన బొమ్మ, వీటికి ఇంటి టీవీ సాటి రాదు. దీన్ని కాదనేవాడు సినిమాను ప్రేమించినవాడు కాడు. దెమి సినిమాలో రాకుమారి గాడిద తోలు కప్పుకుని పల్లె వాకిట్లోంచి మెల్లగా పరుగెడుతుంటే, చుట్టూ ఉన్న జనం శిలల్లా బిగుసుకుపోయి నిలబడిన దృశ్యం పెద్ద తెర కోసమే పుట్టింది. అది దొరికినప్పుడు వదులుకోకూడదు. దొరికేది ఎంతమందికి? హైదరాబాద్ ఫిల్మ్ క్లబ్ లాంటి సంస్థలు, ఫ్రెంచి సాంస్కృతిక కేంద్రాలు వేసే ప్రదర్శనలు నగరాల్లో ఉన్నవాళ్ల అదృష్టం. నెల్లూరులోనో, నిజామాబాద్‌లోనో ఉన్న సినీ అభిమానికి మెలియెస్ అంటే డిస్కే. పైగా సబ్‌టైటిళ్లతో ఒక చిక్కు ఉంది. మనవాళ్లు ఇవి చూసేది ఇంగ్లిషు అక్షరాలు చదువుకుంటూ. చదివినంతసేపూ కన్ను తెర అడుగున ఉంటుంది, మాయ పైన జరిగిపోతుంది. ఇంట్లో ఒకసారి చదువుకుంటూ చూసి, రెండోసారి సబ్‌టైటిళ్లు తీసేసి కేవలం బొమ్మను చూడవచ్చు. ఈ సినిమాలకు ఆ రెండో చూపే అసలు చూపు. వీటికి తెలుగు సబ్‌టైటిళ్లు తయారుచేసే పని ఎవరైనా తలకెత్తుకుంటే మన పిల్లలకు పెద్ద మేలు చేసినట్టు.

ఇప్పుడంతా ఆన్‌లైన్‌లో ఉంది, ఇంకా డిస్కులెందుకని అడిగేవాళ్లున్నారు. డిస్కులతో ఇబ్బందులు లేకపోలేదు. వాటిని ముందే ఒప్పుకోవాలి. ఫ్రాన్సు డీవీడీలు రెండో ప్రాంతపు కోడుతో వస్తాయి, మనది ఐదు. బ్లూరేలో వాళ్లది బి, మనది సి. ఫ్రాన్సులో వచ్చే చాలా డిస్కుల మీద ఇంగ్లిషు సబ్‌టైటిళ్లు కూడా ఉండవు. యూరపు డీవీడీల్లో ఇంకో లోపం. సెకనుకు 24 ఫ్రేములతో తీసిన సినిమా అక్కడి టీవీ పద్ధతి వల్ల 25తో నడుస్తుంది. నూరు నిమిషాల సినిమా తొంభై ఆరుకు ముగుస్తుంది, 'గాడిద తోలు'లోని మిషెల్ లెగ్రాన్ పాటల శ్రుతి కాస్త పెరిగి వినిపిస్తుంది. బ్లూరే వచ్చాక ఈ పీడ వదిలింది. ఇన్ని చిక్కులున్నా డిస్కు వైపే మొగ్గడానికి నాకున్న కారణం నిలకడ. ఆన్‌లైన్ వేదిక మీద ఒప్పందం గడువు తీరితే సినిమా రాత్రికి రాత్రే మాయమవుతుంది. అది ఏ ప్రతి నుంచి తీసుకున్నదో, ఏం కోతపడిందో చెప్పే నాథుడుండడు. గ్రిమో అనుభవం తర్వాత ఆ విషయంలో ఏమరుపాటు తగదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు కాలక్రమం పాటించనక్కర్లేదు. పిల్లలతో కలిసి చూసేవాళ్లు ఓస్లోతో మొదలుపెట్టి గ్రిమో దగ్గరికి వెళ్లవచ్చు. 'గాడిద తోలు' కథలోని తండ్రి కోరిక పిల్లలకు వివరించడం కష్టం, దాన్ని పెద్దవాళ్లు ముందు తాము చూసుకోవాలి. కొక్తో 'లా బెల్ ఎ లా బెత్' చూశాక దెమి చూస్తే, అక్కడి మృగమే ఇక్కడ రాజుగా కూర్చున్నాడని తెలిసి ఒళ్లు జలదరిస్తుంది. ఇద్దరూ జాన్ మరేయే. ఒక్క సాయంత్రమే చేతిలో ఉన్నవాళ్లకు మాత్రం క్రిస్ మార్కెర్ 1962లో తీసిన 'లా జెతే' చాలు. మొత్తం 28 నిమిషాలు. మూడో ప్రపంచయుద్ధం తర్వాత, నేల కింద బతుకుతున్న మనుషులు ఒక ఖైదీని అతని జ్ఞాపకం మీదుగా గతంలోకి పంపుతారు. కథంతా నిశ్చల ఛాయాచిత్రాలతో నడుస్తుంది, ఆపి చూడటానికి అక్కడ ముందే అంతా ఆగి ఉంది. మధ్యలో ఒకచోట, పక్షుల కిలకిలల నడుమ, పక్క మీద నిద్రపోతున్న స్త్రీ ఫొటోలు ఒకదాంట్లోకి ఒకటి కరుగుతూ వస్తాయి. ఆ వరసలో ఉన్నట్టుండి ఆమె కళ్లు తెరుస్తుంది, నిజంగా తెరుస్తుంది, మనవైపు చూసి రెప్పలు కదుపుతుంది. సినిమా మొత్తంలో కదిలే షాటు అదొక్కటే. రిమోట్ చేతిలో ఉన్నా ఆ నాలుగైదు సెకన్లలో ఎవరి వేలూ మీట మీదికి పోదు.